అంగన్‌వాడీకి కాస్త నేల, ఇంకో టీచరమ్మ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో చదువుల వార్తలు రోజూ వస్తూనే ఉంటాయి. పదో తరగతి ఫలితాలు, ఇంటర్ మార్కులు, ఈఏపీసెట్ ర్యాంకులు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు. అవన్నీ రావాల్సినవే. కానీ మూడేళ్ల పిల్ల పొద్దున తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కడ కూర్చుంటోంది, ఏం చేస్తోంది, పరిగెత్తడానికి ఆ పిల్లకి ఎంత చోటుంది అన్నది మాత్రం వార్త అవ్వదు. అంగన్‌వాడీ పేరు పేపర్లో కనపడాలంటే కుళ్లిన గుడ్లు దొరకాలి, లేదంటే సమ్మె జరగాలి. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను పల్నాడు జిల్లాలో ఒక మండల పరిషత్ స్కూల్లో ఒకటో తరగతి చెప్తాను. జూన్ రాగానే కొత్త పిల్లలు వస్తారు. మొదటి వారం పుస్తకం తియ్యను, వాళ్ల చేతులు చూస్తాను. కొందరికి ఏబీసీడీలు చివరిదాకా గడగడా వచ్చు, ఒకటి నుంచి వంద దాకా ఆగకుండా చెప్తారు, కానీ పెన్సిల్ ఇస్తే పిడికిట్లో పట్టుకుంటారు. పలక మీద సున్నా చుట్టమంటే చెయ్యి భుజం దగ్గర్నుంచి తిరుగుతుంది, వేళ్లు కదలవు. బంతి విసిరితే పట్టుకోరు, మొహం పక్కకి తిప్పేసుకుంటారు. ఐదు చింతపిక్కలు తెచ్చి ఇవ్వమంటే గుప్పెడు తెచ్చి పోస్తారు, ఎందుకంటే ఐదు అనేది వాళ్లకి పాటలో ఒక మాట, చేతిలో పట్టుకున్న లెక్క కాదు. ఈ పిల్లలు తెలివితక్కువ వాళ్లేం కాదు. మూడేళ్ల నుంచి ఐదేళ్ల దాకా వాళ్లని ఒక గదిలో చాప మీద చేతులు కట్టుకుని కూర్చోబెట్టారు, అంతే. ఆ గది అంగన్‌వాడీ అయినా, టై కట్టించిన కాన్వెంట్ ఎల్‌కేజీ అయినా చేతులకి జరిగింది ఒకటే.

మా స్కూలు ఆవరణలోనే ఒక అంగన్‌వాడీ ఉంది, దానికి అదృష్టవశాత్తూ ఒక వేపచెట్టు, కొంచెం నేల ఉన్నాయి. తొలకరి పడ్డాక ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి కదా, ఎర్రగా మఖమల్ ముక్కల్లా. ఆ రోజు అక్కడి టీచరమ్మ పిల్లలందర్నీ బయటికి తీసుకొచ్చి నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టింది. ముట్టుకుంటే ఆ పురుగు కాళ్లు ముడుచుకుని ఉండలా అయిపోతుంది, మళ్లీ కాళ్లు విప్పి నడవాలంటే కాసేపు కదలకుండా చూస్తూ ఉండాలి. ఒక్క నిమిషం నిలకడగా ఉండరని తల్లులు మొత్తుకునే పిల్లలు, గొంతుక్కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒకరి భుజం మీద ఒకరు వాలి చూశారు. తర్వాత ఎన్ని దొరికాయో లెక్క పెట్టారు. ఎన్ని కాళ్లు ఉన్నాయని ఒకడు అడిగితే ఆరని ఒకరు, ఎనిమిదని ఒకరు గొడవ పడి మళ్లీ చూశారు. ఓపిక పట్టడం, లెక్క, మాట, వాదన, మళ్లీ సరిచూసుకోవడం, అన్నీ అక్కడే జరిగాయి. ఖర్చు ఏమీ లేదు. కావలసింది రెండే: కాస్త నేల, ఆ పూటకి వేరే పనేమీ లేని టీచరమ్మ. మన రాష్ట్రంలో ఎక్కువ అంగన్‌వాడీలకి లేనివి సరిగ్గా ఈ రెండే.

ఊళ్లల్లో అద్దె కొంపల్లో నడిచే సెంటర్లు ఎలా ఉంటాయో మీ విలేకర్లకి తెలియంది కాదు. ఒక గది, ముందు చిన్న వరండా. గదిలో ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల గుడ్ల అట్టలు, బాలామృతం సంచులు, తూకం మిషను, రిజిస్టర్ల బీరువా. మిగిలిన చోట్లో పిల్లలు. వరండాలో ఇంటివాళ్ల బండి. వీధిలోకి వదిలితే ట్రాక్టర్లు, ఆటోలు తిరుగుతుంటాయి కాబట్టి ఆయమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది. ఆమెని ఏమీ అనడానికి లేదు, ఒక పిల్లకి ఏమన్నా అయితే ముందు నిలదీసేది ఆమెనే. అంగన్‌వాడీ సొంత భవనానికి 600 చదరపు అడుగులు ఉండాలని, అందులో పిల్లల మరుగుదొడ్డి, వంటగది, ఆడుకునే చోటు ఉండాలని నిబంధన రాసుకున్నాం. రాసుకున్నాక ఏళ్లు గడిచాయి.

అంగన్‌వాడీలని నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం) 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైంది. యాభై ఏళ్లు నిండాయి. ఇప్పుడు దేశమంతా కలిపి దాదాపు 14 లక్షల సెంటర్లు, ఆంధ్రప్రదేశ్‌లో 55,607, తెలంగాణలో 35,700. ఇంత పెద్ద ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, ప్రతి తండాలో, ప్రతి ఎస్సీ కాలనీలో పిల్లల కోసం ఒక తలుపు తెరిచి ఉంది. ఇది చిన్న విషయం కాదు, నేను తక్కువ చెయ్యడం లేదు. ఈ యాభై ఏళ్లలో తిండి గురించి పట్టించుకున్నంత ఆట గురించీ చదువు గురించీ పట్టించుకోలేదనే నా బాధ. తిండికైనా ఎంత ఇచ్చాం? పిల్లాడికి రోజుకి 6 రూపాయలున్న పోషకాహార ఖర్చుని 2017లో 8 రూపాయలు చేశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. రక్తహీనత అయితే మన దగ్గర 63 శాతం, తెలంగాణలో 70 శాతం. అంటే నా క్లాసులో కూర్చున్న వాళ్లలో సగం కంటే ఎక్కువ మంది రక్తం తక్కువతోనే ఆ వయసు దాటి వచ్చారని అర్థం.

చదువుకి సంబంధించిన మన చట్టాలు, పథకాలు చూడండి, అన్నీ ఆరేళ్ల దగ్గర మొదలవుతాయి. 2002లో రాజ్యాంగాన్ని సవరించి 21ఏ అధికరణం చేర్చినప్పుడు ఉచిత నిర్బంధ విద్య ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకే హక్కు అయింది. ఆరేళ్లలోపు వాళ్లని 45వ అధికరణంలో పెట్టి, వాళ్లకి ప్రభుత్వం ‘ప్రయత్నిస్తుంది’ అన్నారు. 2009 విద్యాహక్కు చట్టంలోనూ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల గురించి 11వ సెక్షన్లో, ఏర్పాట్లు చెయ్యొచ్చు అనే రాశారు. చెయ్యకపోయినా అడిగేవాడు లేడు. మన రాష్ట్రంలో 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం (బడికెళ్లే పిల్లల తల్లులకి డబ్బు ఇచ్చే పథకం) కూడా ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకానే. ఆ డబ్బు మా స్కూల్ తల్లులకి ఎంత అక్కరకొచ్చిందో నేను కళ్లారా చూశాను, దాన్ని తగ్గించమని అడగడం లేదు. అదే ఇంట్లో నాలుగేళ్ల చెల్లికి కూడా ఏదైనా ఉండాలి కదా అంటున్నాను. మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా ఆరేళ్లు నిండేలోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానంలో ప్రభుత్వమే రాసింది. ఎంత ఆలస్యమైనా 2030 కల్లా పిల్లలందరికీ మంచి పూర్వ ప్రాథమిక విద్య అందాలని గడువు కూడా అదే పత్రంలో పెట్టుకుంది. ఆ లెక్కన ఈ గడువుకి ఎంతో దూరం లేదు.

టీచరమ్మ విషయానికి వస్తాను. అంగన్‌వాడీ టీచర్ రోజు ఎలా గడుస్తుందో పక్కనే ఉండి చూస్తాను కాబట్టి చెప్తున్నాను. పొద్దున రాగానే ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్ తెరవాలి, హాజరు వెయ్యాలి, టేక్ హోమ్ రేషన్ (ఇంటికి పంపే పోషకాహారం) ఇచ్చేటప్పుడు ఫొటో కొడితే మొహం సరిపోవాలి, నెట్ రాకపోతే బాలింతని ఎండలో నిలబెట్టి మళ్లీ మళ్లీ కొట్టాలి. బరువులు, ఎత్తులు, గర్భిణుల ఇళ్లకి వెళ్లడం, టీకాల రోజు ఏఎన్ఎంతో పాటు కూర్చోవడం, సెక్టార్ మీటింగ్, చాలామందికి పైన బీఎల్‌వో (ఓటర్ల జాబితా పని) డ్యూటీ కూడా. వీటి మధ్యలో మిగిలిన టైమే పిల్లలకి. ఎంత మంచి మనిషైనా ఏం చేస్తుంది? నాలుగు రైమ్స్ చెప్పించి, భోజనం పెట్టి పంపిస్తుంది.

దీనికి మందు ఏమిటో మన పక్క రాష్ట్రంలోనే పరీక్ష చేసి చూశారు. తమిళనాడులో 320 అంగన్‌వాడీలని తీసుకుని, లాటరీ తీసినట్టు వాటిల్లో కొన్నిటికి పిల్లల చదువు కోసమే సగం పూట పనిచేసే ఇంకో మనిషిని ఇచ్చారు. ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్, ఆయన సహ పరిశోధకులు చేసిన అధ్యయనం అది. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ సెంటర్లలో పిల్లలకి చెప్పే సమయం రెట్టింపు అయింది, లెక్కల్లో, భాషలో పిల్లలు బాగా ముందుకెళ్లారు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఇంకోటి: ఆ సెంటర్లలో గిడసబారడం (వయసుకి తగ్గ ఎత్తు లేకపోవడం), తీవ్ర పోషకాహార లోపం కూడా తగ్గాయి. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. కొత్త మనిషి పిల్లలతో కూర్చుంటే పాత టీచరమ్మకి తిండి, బరువులు, తల్లులతో మాటలు సరిగ్గా చూసుకునే తీరిక దొరికింది. ఒక జీతంతో రెండు పనులూ బాగుపడ్డాయి. పెట్టిన ఖర్చు కంటే వచ్చే లాభం చాలా ఎక్కువని కూడా వాళ్లు లెక్క కట్టారు.

ఇప్పుడు మన లెక్క వేద్దాం. సగం పూట టీచర్‌కి నెలకి 8,000 అనుకోండి. 55,607 సెంటర్లకి ఏడాదికి సుమారు 534 కోట్లు. 2025–26లో మన రాష్ట్ర బడ్జెట్ 3 లక్షల 22 వేల కోట్ల పైమాట. అంటే రాష్ట్రం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో 17 పైసలు కూడా కాదు. డబ్బు లేదు అనే మాట ఈ విషయంలో నేను ఒప్పుకోను. ఆ 8,000 అయినా ఏ ఊరి అమ్మాయికో, ఇంటర్ చదివి పెళ్లై ఊళ్లోనే ఉండిపోయిన వాళ్లకో అందే ఉద్యోగం, ఆ డబ్బు ఎక్కడికీ పోదు, ఆ ఊళ్లోనే తిరుగుతుంది.

అమెరికాలో 1960ల్లో మిషిగన్ రాష్ట్రంలో పెర్రీ ప్రీస్కూల్ అని 123 మంది పేద పిల్లలతో ఒక ప్రయోగం జరిగింది, వాళ్లలో కొందరికి ప్రీస్కూల్ పెట్టి, అందరూ నలభై ఏళ్ల వాళ్లయ్యేదాకా గమనించారు. నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ ఆ లెక్కలు తీసి, చిన్నపిల్లల మీద పెట్టిన పెట్టుబడికి ఏడాదికి 7 నుంచి 10 శాతం రాబడి అన్నారు. దీన్ని మన నాయకులు కూడా అప్పుడప్పుడూ ఉపన్యాసాల్లో చెప్తుంటారు. కానీ అక్కడ శిక్షణ పొందిన టీచర్లు ఉన్నారు, ఒక్కొక్కరి కింద కొద్దిమంది పిల్లలే ఉన్నారు, ఇళ్లకి వెళ్లి తల్లులతో మాట్లాడారు. ఆ రాబడి కావాలంటే ఆ ఖర్చూ పెట్టాలి. ఒక మనిషి మీద పది పనులు వేసి, గోడలకి కార్టూన్ బొమ్మలు వేయిస్తే అది రాదు.

ఇక నేల సంగతి. పిల్లల్ని బయట ఆడించి చదువు చెప్పడం అంటే ఏదో విదేశీ సోకు అనుకునేవాళ్లు ఉన్నారు. ఈ పద్ధతి మన దేశంలోనే పుట్టి పెరిగింది. శిశు విద్య కోసం పనిచేసిన తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ 1945లో మహారాష్ట్ర తీరంలో బోర్డీ అనే ఊళ్లో బాలవాడీలు మొదలుపెట్టారు. పేదల పిల్లలు బడికి రాలేకపోతుంటే బడినే వాళ్ల వాడల్లోకి, ఇళ్ల ముంగిళ్లలోకి తీసుకెళ్లారు. తర్వాత కోస్బాడ్ కొండల్లో ఆదివాసీ పిల్లలు పశువుల్ని మేపుతుంటే ఆ పచ్చిక బయళ్లలోనే బడి పెట్టారు. గింజలు, ఆకులు, రాళ్లు, ఈకలు, ఇవే వాళ్ల బోధన సామగ్రి. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూల్ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడులు కూడా చెట్ల మధ్య ఉండేవే, పిల్లలు కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకునే అక్కడి పద్ధతి తర్వాత తమిళనాడు ప్రభుత్వ స్కూళ్ల దాకా వెళ్లింది. ఇంత దగ్గర్లో ఇంత ఉంది, మనం మాత్రం ప్లాస్టిక్ జారుడుబల్ల ఒకటి కొని గది మూల పెడుతున్నాం.

మూడు నాలుగేళ్ల పిల్లలు రోజుకి మొత్తం మీద 180 నిమిషాలు కదులుతూ, ఆడుతూ ఉండాలని, అందులో కనీసం గంటసేపు బాగా పరుగులు పెట్టి ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్, టీవీ అయితే గంటకి మించకూడదు. మా ఊళ్లో మిర్చి కోతలప్పుడు, పత్తి తీతలప్పుడు తల్లులు తెల్లారకుండానే ఆటో ఎక్కేస్తారు, పిల్లలు నాయనమ్మల దగ్గర ఉంటారు, నాయనమ్మకి ఓపిక లేక ఫోన్ ఇస్తుంది. ఎవర్ని తప్పు పడతాం? ఆ పిల్లకి గంటల తరబడి ఆడే చోటు ఊళ్లో ఇంకోటి ఉంటే ఆ ఫోన్ దానంతటదే పక్కకి పోతుంది. కళ్ల సంగతి కూడా చూడండి. ఒకటో తరగతిలోనే సైట్ వచ్చి కళ్లజోడు పెట్టుకుంటున్న పిల్లలు పట్నాల్లో ఎంతమందో. చైనాలో గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకి రోజూ 40 నిమిషాలు ఆరుబయట క్లాసు అదనంగా పెట్టి మూడేళ్లు చూశారు. బయట గడిపిన వాళ్లలో 30 శాతానికి సైట్ వస్తే, మామూలు స్కూళ్లలో దాదాపు 40 శాతానికి వచ్చింది. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. తైవాన్ అయితే 2010 నుంచే పిల్లలు రోజుకి రెండు గంటలు బయట ఉండాలని దేశమంతా కార్యక్రమం పెట్టింది. వెలుతురులో తిరగడానికి మించిన చవకైన వైద్యం ఏముంటుంది?

ఎండల మాట ఎవరైనా ఎత్తుతారని తెలుసు, పల్నాడులో ఉండి నాకు ఎండ తెలియకపోవడమేమిటి. మార్చి సగం దాటాక పది గంటల తర్వాత పిల్లల్ని బయట ఉంచకూడదు, అది ఖాయం. కానీ జూలై నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున పూట బయట ఉండలేని రోజులు ఎన్ని? వేసవిలో కూడా తొమ్మిదింటికి ముందే చెట్టు నీడన అరగంట, గంట ఆడించొచ్చు. అందుకే చెట్లు ఇప్పుడే నాటాలి, వేప, కానుగ లాంటివి నాలుగైదేళ్లలో నీడనిస్తాయి. పాములు, కుక్కల భయం నిజమైన భయమే, కాబట్టి కంచె మంచిది వెయ్యాలి, గడ్డి పెరగనివ్వకూడదు, దగ్గర్లో నీళ్ల గుంట ఉంటే మూత వెయ్యాలి. ఇవి చెయ్యలేనంత పెద్ద పనులేం కావు. ఒక గేటు, ఒక కుళాయి, ఒక ట్రాక్టర్ ఇసుక. ఇసుక ఉచితమని 2024 జూలైలో ప్రభుత్వమే చెప్పింది కదా, పిల్లల ఆట కోసం సెంటర్‌కి ఒక ట్రాక్టర్ తోలిపెట్టమని పంచాయతీలకి ఒక ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. ఇసుకలో నీళ్లు పోసి గుజ్జనగూళ్లు ఆడిన పిల్ల చేతికి పెన్సిల్ పట్టు దానంతటదే వస్తుంది, ఇది నేను ఏటా చూస్తున్న సంగతి.

తల్లిదండ్రులు ఎల్‌కేజీకే కాన్వెంట్ బస్సు ఎక్కించడం మీద కోప్పడేవాళ్లు ఉంటారు, నేను కోప్పడను. వాళ్లకి ఇంగ్లీషు కావాలి, అదొకటి. అంతకంటే పెద్ద కారణం కాన్వెంట్ సాయంత్రం దాకా పిల్లని చూసుకుంటుంది. అంగన్‌వాడీకి పంపితే భోజనం కాగానే చాలామంది పిల్లలు ఇంటికొచ్చేస్తారు, కూలికి వెళ్లిన తల్లి ఆ పిల్లని ఎక్కడ పెట్టుకుంటుంది? అందుకే అప్పు చేసి ఫీజు కడుతోంది. సాయంత్రం నాలుగింటి దాకా పిల్లలు హాయిగా ఉండే సెంటర్, పడుకోవడానికి చోటు, ఆడుకోవడానికి నేల ఉంటే ఆ తల్లి ఫీజు డబ్బులు మిగుల్తాయి. ఇది పిల్లల సంగతి ఎంతో ఆడవాళ్ల కూలి సంగతి కూడా అంతే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా మన అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేశారు, వాళ్ల మీద ఎస్మా కూడా ప్రయోగించారు. ఎస్మా అంటే అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించే చట్టం. పిల్లల్ని చూసుకునే పని అంత అత్యవసరమని ప్రభుత్వమే ఒప్పుకున్నప్పుడు ఆ పనికి ఇచ్చేదాన్ని ఇంకా గౌరవ వేతనం అని ఎందుకంటారు? కేంద్రం తన లెక్కలో టీచర్ గౌరవ వేతనాన్ని 2018లో 4,500 చేసింది. దాని పైన రాష్ట్రం వేస్తే ఇక్కడ 11,500, తెలంగాణలో 13,650. వాళ్లకి గ్రాట్యుటీ హక్కు ఉందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అదనపు టీచర్ని ఇవ్వమని నేను అడిగేది ఉన్నవాళ్ల జీతం కోసుకుని కాదు, ముందు వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి, ఆ తర్వాత ఇంకో మనిషిని ఇవ్వమని.

ఎమ్మెల్యే గార్లకి, సర్పంచులకి ఒక విన్నపం. సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతారు కదా, ఆ నెలలో ఒక గ్రామసభ పెట్టి మీ ఊరి సెంటర్‌కి నేల ఎక్కడ దొరుకుతుందో చూడండి. గ్రామకంఠం ఉంటుంది, పాడుబడ్డ పంచాయతీ ఆఫీసు స్థలం ఉంటుంది, పిల్లలు తగ్గిపోయిన ప్రాథమిక స్కూళ్లలో ఖాళీ గదులూ, ఆవరణలూ ఉన్నాయి. అద్దె ఇంట్లో నడిచే సెంటర్‌ని ఆ స్కూల్ ఆవరణలోకి తెస్తే సగం సమస్య ఆ రోజే తీరుతుంది. చిక్కు ఎక్కడంటే స్కూల్ స్థలం విద్యాశాఖది, అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. మా స్కూల్ వెనక వైపు కొంత జాగా ఖాళీగా ఉంది, పక్క వీధి సెంటర్ పిల్లల్ని అక్కడికి తేవాలని హెడ్మాస్టర్ గారు, ఆ సెంటర్ టీచరమ్మ ఇద్దరూ అనుకుంటున్నారు, ఊళ్లో ఎవరికీ అభ్యంతరం లేదు. విద్యాశాఖ తరఫున ఎంఈవో, సంక్షేమ శాఖ తరఫున సీడీపీవో ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి, ఆ కాగితం ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరుగుతూనే ఉంది. ఇలాంటి చోట్ల రెండు శాఖల అనుమతులు అక్కర్లేకుండా మండల స్థాయిలోనే తేల్చేసేలా రాష్ట్ర ప్రభుత్వం ఒక్క జీవో ఇవ్వాలని, సగం పూట టీచర్ల డబ్బు వచ్చే బడ్జెట్‌లోనే పెట్టాలని కోరుతున్నాను. మీ పేపర్ తరఫున మండలాల వారీగా ఏ సెంటర్‌కి ఆవరణ ఉంది, ఏది అద్దె గదిలో ఉంది అనే జాబితా ఒకటి వేస్తే మా దగ్గరున్న వివరాలు ఇవ్వడానికి చాలామంది టీచర్లం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
పల్నాడు జిల్లా